నేను నేర్పిన సాక్ష్యం

గత నెలలో లా కాలేజీ విద్యార్థులు నలుగురు మా ఇంటికి వచ్చారు. వాళ్ళది ప్రభుత్వ కాలేజీ. పుస్తకంలో ఉన్నదాన్ని చేతులతో చేయించి నేర్పడం అక్కడి పద్ధతట. అందుకోసం కాలేజీలోనే ఒక ఉత్తుత్తి కోర్టు కట్టించారని, ఏటా అందులో పోటీ విచారణ జరుపుతారని చెప్పారు. పత్రికల్లో చాలా ఏళ్ళు కోర్టు వార్తలు రాసినవాణ్ణి గనుక న్యాయనిర్ణేతగా వచ్చి కూర్చోమన్నారు. వెళ్ళాను. సాక్షి బోనులో నిలబడినవాడు వాళ్ళ తరగతి కుర్రవాడే. తలకు తువ్వాలు చుట్టి రైతు వేషం వేసుకున్నాడు. అడిగిన ప్రతి ప్రశ్నకూ తడుముకోకుండా, ఒక్క మాట ఎక్కువ కాకుండా జవాబు చెప్పాడు. నా పక్కన కూర్చున్న ఇద్దరూ నిండుగా మార్కులు వేశారు. నేను వేయలేదు. తరువాత ఆ సాక్షిని తయారుచేసిన అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "సార్, మా సాక్షి ఎక్కడ తడబడ్డాడు?" అని అడిగింది. "ఎక్కడా తడబడలేదమ్మా" అన్నాను. "మరి?" అంది. జవాబు నా దగ్గర ఉంది గానీ కాలేజీ మెట్ల మీద నిలబడి చెప్పగలిగినది కాదు. ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

మా రోజుల్లో లా చదువంటే మద్రాసులో ప్రభుత్వ కాలేజీలో రెండేళ్ళు పంకా కింద కూర్చొని పాఠాలు రాసుకోవడం. పని నేర్చుకోవడం పరీక్ష ప్యాసయ్యాకనే. పేరున్న వకీలు దగ్గర ఒక ఏడాది శిష్యరికం చేసి, ఆయన చేత సర్టిఫికెట్టు రాయించుకుంటే గానీ నల్లకోటు తొడుక్కోనిచ్చేవారు కాదు. మాది కర్నూలు. మా నాన్న కలెక్టరు కచేరీలో గుమాస్తా. కడపలో శేషయ్యగారనే క్రిమినల్ వకీలు ఆయనకు పాత స్నేహితుడు. ఆ విధంగా ఒక ట్రంకు పెట్టె, ఎవిడెన్సు చట్టం మీద ఒక లావుపాటి పుస్తకం పట్టుకొని నేను కడపలో రైలు దిగాను.

శేషయ్యగారి ఇంట్లో నేలంతా నల్లబండలు. వేసవి మధ్యాహ్నం వాటి మీద కాలు పెట్టలేము. సాయంత్రం పనిమనిషి ఒక బిందెడు నీళ్ళు చల్లితే బండల్లోంచి సెగ లేచి మొహానికి కొట్టేది. బావి అడుగంటినప్పుడు ఆ బిందెడు కూడా ఉండేది కాదు. వీధి వైపు పొడుగాటి వసారా. కక్షిదారులు తెల్లవారకముందే పల్లెల నుంచి వచ్చి అక్కడ సద్ది మూటలు దించుకునేవారు. రాగిసంకటి, ఉల్లిగడ్డ, బీడీ పొగ, ఎండిన చెమట, గుమాస్తా పెట్టెలోంచి కరిగిన లక్క, అన్ని వాసనలూ కలిసి ఆ వసారాకు ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఏ పాత కచేరీ గడప దాటినా నాకది తగులుతుంది. లోపల అమ్మగారు వచ్చినవాళ్ళందరికీ పెద్ద కుండలో మజ్జిగ కలిపి ఉంచేవారు. ఎవరు ఎవరిని చంపి వచ్చారో, ఎవరి మనిషి చచ్చిపోతే వచ్చారో ఆమె అడిగేవారు కాదు.

శేషయ్యగారు కేసు సంగతి ఎత్తేముందు అరగంట వాన సంగతి మాట్లాడేవారు. "ఏమప్పా, మీ తట్టు పదునైందా? సెనిక్కాయ వేసినారా ఇంకా చూస్తాండారా?" అని మొదలుపెట్టేవారు. మధ్య మధ్య నస్యం పీల్చేవారు. నేను పక్కన కూర్చొని, ఈయనకు వయసు మీదపడిందని అనుకునేవాణ్ణి. ఆ అరగంటలో ఆయన మనిషిని చదువుకుంటున్నారని నాకు తెలియదు. గుమాస్తా మహబూబ్ సాయిబుకు తెలుసు. నేనెప్పుడూ ఆ లావు పుస్తకం ముందు పెట్టుకొని కూర్చోవడం చూసి ఆయన, "ఏం చిన్న వకీలు సాబూ, బుక్కు శానా లావుండాదే! తల కింద పెట్టుకుంటే లా వస్తాదా, నిద్ర వస్తాదా?" అనేవాడు. వసారాలో కూర్చున్నవాళ్ళంతా నవ్వేవారు.

విచారణకు ముందు సాక్షులను వసారాలో నిలబెట్టి తయారుచేయడం ఆ ఇంటి పద్ధతి, ఆ కాలంలో క్రిమినల్ వకీళ్ళందరి పద్ధతీ అదే. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. అక్కడికి వచ్చినవాళ్ళలో అబద్ధపు సాక్షులూ ఉండేవారు. నేను ఎదుటి పక్షం వకీలుగా నిలబడి వాళ్ళను అడ్డు ప్రశ్నలతో దులిపేవాణ్ణి. నాకు చేతనైన పని అదొక్కటే కావడం వల్ల చాలా ఉత్సాహంగా చేసేవాణ్ణి. శేషయ్యగారు ఉయ్యాల బల్ల మీద కళ్ళు మూసుకొని వినేవారు. ఆయన నాకు పెట్టిన నియమం ఒకటే. "అబద్ధమాడేవానికి నేర్పాల. యాడ జారేది వానికే తెల్దు. నిజం చెప్పేవాని జోలికి మాత్రం పోవద్దు. వాణ్ణి ముట్టుకుంటే చెడిపోతాడు."

నా శిష్యరికం ఏడో నెలలో ఓబులేసు కేసు సెషన్సు కోర్టులో విచారణకు వచ్చింది. ఓబులేసుది బద్వేలు తాలూకాలో ఒక పల్లె. కొంచెం మెట్ట భూమి, ఒక బండి, పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. బావి నీళ్ళ దగ్గర పక్క పొలం రైతుతో నలుగురి ముందు తగాదా పడ్డాడు. నాలుగు రోజుల తరువాత ఆ రైతును సరిగ్గా పొద్దు గూకే వేళ బావి గట్టు మీద ఎవరో నరికి చంపారు. చనిపోయినవాడి తమ్ముడు ఓబులేసును అక్కడ చూశానన్నాడు. ఓబులేసు ఆ వేళకు తాను మూడు మైళ్ళ దూరంలో మాలపల్లె క్రైస్తవుల గుడి దగ్గర ఉన్నానన్నాడు. కోత పండుగకు గుడికి వెల్ల వేయడం కోసం బండిలో సున్నం రాళ్ళు తోలుకొచ్చానని చెప్పాడు. ముద్దాయి మాటకు విలువేముంది? ఆ సాయంత్రం అతన్ని చూసినవాళ్ళు ఇద్దరే. గుడి బాగోగులు చూసే దేవసహాయం, ఆయన భార్య. ఆ తల్లి విచారణ దాకా బతకలేదు. ఓబులేసు మెడకు ఉరి పడకుండా ఆపగలిగినవాడు దేవసహాయం ఒక్కడే మిగిలాడు.

ఆయన శనివారం సాయంత్రం వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఎండుకట్టెలా ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా ఒకటి వేరే మూటగట్టి తెచ్చుకున్నాడు, బోనులో తొడుక్కోవడానికి. శేషయ్యగారు ఆయనతో మామూలుగా వాన గురించి మాట్లాడారు. తరువాత నాతో, "ఈయప్పకు అన్నం పెట్టించు. రేపు వాళ్ళ గుడికి పోయి వస్తాడు. సోమవారం నేరుగా బోనెక్కిస్తాం" అన్నారు. అంతే చెప్పి, ఆదివారం పొద్దున్నే ఏదో పెళ్ళికని ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం దేవసహాయం గుడి నుంచి తిరిగి వచ్చాడు. వసారాలో మేమిద్దరమే ఉన్నాం. ఊరికే విందామని, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను.

"ఆ పొద్దు మా ఇంటిదానికి జరం సామీ. మందు తెద్దామని బద్వేలుకు బయలెల్లితి. సూస్తే ఎద్దు కుంటుతాండాది..."

"ఎద్దు సంగతి వద్దు పెద్దాయనా. ఓబులేసు ఎప్పుడొచ్చినాడో చెప్పు."

"ఆడికే వస్తాండా సామీ. ఎద్దు కుంటబట్టే గదా నేను ఊర్లో నిలిచింది. నిలవబట్టే గదా బండి వచ్చేతలికి గుడికాడ ఉండింది. ఓబులేసప్ప రాళ్ళు దించుతాంటే సున్నం పొడి లేచి కంట్లో పడింది. మనిషి గిలగిలా కొట్టుకున్యాడు. నీళ్ళు తగలగూడదు గదా? సరిగ్గా అప్పుడే మేకలు ఇంటికి మళ్ళినాయి. ఒకదాన్ని చెవి పట్టుకొని ఈడ్చుకొచ్చి, ఆయన్ను కింద పండబెట్టి, నేరుగా కంట్లోకే పాలు పిండినా. ఆయప్ప తిట్టిన తిట్లకు మా గుడి గోడలు గూడా సిగ్గుపడింటాయి సామీ. నల్లమేక, వంకర కొమ్ముది..."

ఈ మనిషి రేపు జడ్జి ముందు ఎద్దు కుంటడంతో మొదలుపెట్టి మేక కొమ్ము దాకా వెళ్తాడు, కోర్టంతా నవ్వుతుంది, అక్కడ ఒక మనిషి ప్రాణం పోతుంది అనుకున్నాను. కేసుకు సంబంధం లేని సంగతులను ఏరి పారేయడమే సాక్ష్యానికి మొదటి మెట్టని మద్రాసులో రాసుకున్నాను. ఆయన్ను నిలబెట్టాను. చెప్పినదంతా కత్తిరించి అయిదు ప్రశ్నలకు అయిదు జవాబులు చేశాను. మేకలు మళ్ళిన వేళను ఆరున్నర గంటలుగా మార్చాను. చివరి ప్రశ్న, ఇంకేమైనా జరిగిందా? దానికి జవాబు, ఇంకేమీ లేదు.

దేవసహాయం చిత్రమైన వేగంతో నేర్చుకున్నాడు. రెండోసారికే అక్షరం పోకుండా ఒప్పజెప్పాడు. నేను మెచ్చుకుంటే మొహం వికసించింది. "ఇది మా ప్రశ్నోత్తరాల పొత్తం మాదిరే ఉండాది సామీ. సిన్నప్పుడు మిషను దొరసాని కాడ నూరు జవాబులు వరసగా చెప్పి కంబళి బహుమానం తెచ్చుకుంటి" అన్నాడు. చదువు రానివాళ్ళకు ఆ సంఘాల్లో మతం నేర్పేది ఆ విధంగానే. ప్రశ్న, జవాబు, మళ్ళీ ప్రశ్న, జవాబు, వరస తప్పకుండా. అది విని నేను ఇంకా సంతోషించాను. ఏడుసార్లు చెప్పించాను.

ఏడోసారి అయ్యాక ఆయన అడిగాడు. "కంట్లో సున్నం పడింది జరిగింది గదా సామీ?"

"అది కేసుకు సంబంధం లేదు."

"ప్రమాణం జేసి చెప్పాల గదా..."

"అడిగినదానికి చెప్పడమే ప్రమాణం పెద్దాయనా."

"సరే సామీ. సదువుకున్నోళ్ళు మీరు" అన్నాడు.

సోమవారం ఆయన తెల్లచొక్కా తొడుక్కొని బోనెక్కాడు. ముద్దాయి స్థలంలో ఓబులేసు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అతని భార్య తలుపు పక్కన నేల మీద కూర్చుంది. మొదటి నాలుగు జవాబులూ గుడి గంటల్లా వచ్చాయి. ఆరున్నర గంటలకు అనగానే శేషయ్యగారు తలెత్తి చూశారు. ఆ తరువాత నెమ్మదిగా, "సున్నం దించేటప్పుడు ఇంకేమైనా జరిగిందా?" అని అడిగారు. ఆ మేక కథ జైల్లో ఓబులేసు నోట ఆయన ఎప్పుడో విన్నారు. దాని కోసమే కాచుకొని ఉన్నారు. దేవసహాయం నా వైపు చూశాడు. నేర్పిన జవాబే చెప్పమన్నట్టు నేను తల ఆడించాను.

"ఇంకేమీ లేదు దొరా."

"బాగా నెమరు వేసుకొని చెప్పప్పా."

"ఇంకేమీ లేదు దొరా."

తన సాక్షికి తానే మాట అందించడానికి వకీలుకు వీలు లేదు. శేషయ్యగారు కొంతసేపు నస్యం డబ్బీ పట్టుకొని నిలబడి, కూర్చున్నారు.

ప్రాసిక్యూటరు ముసలి గద్ద. మొదటి జవాబులు వింటున్నప్పుడే ఆయనకు వాసన తగిలింది. లేచి, చివరి నుంచి మొదలుపెట్టాడు. "ఓబులేసు పోయినాక నువ్వు చేసిన పని ఏంది? అది చెప్పు ముందు." దేవసహాయానికి వరస తెగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి, "నా పేరు దేవసహాయం, నేను గుడి..." అని ఎత్తుకున్నాడు. కోర్టులో నవ్వు లేచింది. "మీ గుడిలో గడియారం ఉండాదా?" "లేదు దొరా." "మరి ఆరున్నర అని నీకెట్ల తెలిసె?" ఆయన బోను కొయ్యను పట్టుకున్నాడు. అప్పుడు ఉన్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. మేకలు మళ్ళడం, సున్నం, కన్ను, పాలు, నల్లమేక, దాని వంకర కొమ్ము. జనం విరగబడి నవ్వారు. జవాను గదమాయించాడు.

"ఇప్పుడే గదా, ఇంకేమీ లేదని రెండుసార్లు అంటివి?"

"అది కేసుకు సంబంధం లేదని..."

"ఎవరు చెప్పినారు నీకు?"

దేవసహాయం ఈసారి నా వైపు చూడలేదు. నేల చూపులు చూస్తూ, "ఎవరూ చెప్పలేదు దొరా" అన్నాడు.

ఆ సాయంత్రం శేషయ్యగారు ఉయ్యాల బల్ల మీద కూర్చున్నారు గానీ ఊగలేదు. "ఎన్నిసార్లు చెప్పిస్తివప్పా?" అన్నారు. ఏడుసార్లన్నాను. ఆయన తిట్టలేదు. "మేకలు పొద్దు గూకేటప్పుడే మళ్ళుతాయి. దాన్ని ఏ ప్రాసిక్యూటరూ మార్చలేడు. మేకపాలు కంట్లో పిండినానని ఎవడూ కల్పించలేడు. ఆయప్ప ఎద్దుతో మొదలుపెట్టింటే జడ్జి విసుక్కొనింటాడు, నమ్మింటాడు" అన్నారు. తరువాత లేచి లోపలికి వెళ్ళారు. మహబూబ్ సాయిబు ఆ రోజు తరువాత నా పుస్తకం మీద హాస్యమాడలేదు.

తీర్పులో జడ్జి, ఈ సాక్షి చిలకలా నేర్చుకొని వచ్చినవాడని, కన్ను సంగతి దొరికిపోయాక అల్లినదని రాశాడు. ఓబులేసుకు ఉరిశిక్ష వేశాడు. మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. వానలు పడకముందే అమలు జరిగింది. తీర్పు నాడు దేవసహాయం వసారా కిందికి వచ్చి, మెట్టెక్కకుండా నిలబడి అడిగాడు. "నేను యాడ తప్పు చెప్పినా సామీ?"

నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. చెప్పలేదు. "బోనెక్కితే అందరూ తడబడతారు పెద్దాయనా, నువ్వూ బెదిరిపోయినావు, అంతే" అన్నాను. ఆయన తల ఊపి, తెల్లచొక్కా మూట చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు.

ఏడాది నిండాక శేషయ్యగారు నాకు సర్టిఫికెట్టు రాసి ఇచ్చారు. పనిని శ్రద్ధగా, తృప్తికరంగా నేర్చుకున్నాడని అందులో ఉంది. నాలుగు నెలలు కర్నూలు కోర్టుకు వెళ్ళాను. బోనులో ముసలివాళ్ళెవరైనా నిలబడితే నాకు నోరు పెగిలేది కాదు. కోటు తీసేసి పత్రికలో చేరాను. అక్కడ మా సంపాదకుడు నాకు మొదట నేర్పింది మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకుండా వినడం. మద్రాసులో, కడపలో కలిపి మూడేళ్ళు చదివినా ఆ పాఠం నా చెవికెక్కలేదు. ఇప్పటి పిల్లలకు మాకు లేని వసతులన్నీ ఉన్నాయి. ఉత్తుత్తి కోర్టులో ఎవరు తప్పు చేసినా కాఫీ తాగి ఇంటికి పోవచ్చు, అది మంచిదే. మేము నేర్చుకున్నది నిజం మనుషుల మీద. మా చేతుల్లో చెడిపోయిన మనుషుల లెక్క ఎవరూ రాయలేదు.

యుద్ధం రోజుల్లో కరువు వార్తల కోసం బద్వేలు తట్టు వెళ్ళాను. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయి. దేవసహాయం పల్లె దారిలోనే ఉందని తెలిసి దిగాను. ఆయన గుడి వెనక గుడిసెలో ఒంటరిగా ఉన్నాడు. గుడి పని ఇంకెవరికో ఇచ్చారట. నన్ను గుర్తుపట్టి ఈతచాప పరిచాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. తప్పు ఆయనది కాదని, కన్ను సంగతి చెప్పొద్దని నేనే అన్నానని, ఆ నాడు వసారాలో అది దాచానని.

"తెలుసప్పా" అన్నాడు ఆయన. "నువ్వు నేర్పినవన్నీ నిజాలేనని నమ్మి చెప్పినా. అబద్ధం ఒకటే చెప్పినా, ఎవరూ చెప్పలేదని. అది నువ్వు నేర్పింది గాదు. ప్రమాణం జేసి చెప్పినా గదా. ఆ పొద్దు నుంచి గుడిలో ప్రభువు బల్ల కాడికి పోలేదు, రొట్టె ముట్టలేదు."

"నా కోసం చెప్పినావు."

"నీ కోసమే. పిల్లోనివి, సదువు చెడుతుందని." చాప అంచు సర్దుతూ, "నా సంగతి దేవునికీ నాకూ మధ్యన ఉండాది. ఊరికి మాత్రం నేను అమ్ముడుపోయినోణ్ణి. అవతలోళ్ళ కాడ తిని, బోనులో మాట మింగినానని అంటాండారు. ఓబులేసప్ప పెండ్లాము నన్ను చూస్తే మొగం తిప్పుకొని పోతాది. నాకు చెప్పి ఏం లాభమప్పా? ఆ యమ్మకు చెప్పు" అన్నాడు.

ఆమె పల్లె అక్కడికి మూడు మైళ్ళే గానీ, ఆమె ఇంట్లో లేదు. కరువు పనికి రోడ్డు మీద రాళ్ళు కొట్టడానికి పోయింది, పొద్దు గూకితే గానీ రాదు. నా బస్సు మూడు గంటలకు. "ఉంటావా?" అని అడిగాడు దేవసహాయం. ఆఫీసుకు వార్త పంపాలన్నాను. ఆయన కర్ర పట్టుకొని నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చాడు. బస్సు కోసం ఆ ఊరివాళ్ళు పదిమంది దాకా అక్కడ నిలబడి ఉన్నారు. మేము వెళ్ళేసరికి మాటలు ఆపి కొంచెం పక్కకు జరిగారు. ఆయన ఒక్కడే ఎండలో నిలబడ్డాడు. ఆమె లేకపోతే ఏం, వాళ్ళందరూ ఉన్నారు. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.